కదలకుండా ఉన్న పాము

పోయిన ఆదివారం పొద్దున్నే మా బావ వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. ఎవరో కుర్రాడు, పాతికేళ్లు దాటి ఉండవు. చేతికి తోలు గ్లౌజు తొడుక్కుని డబ్బాలోంచి ఒక పాముని తీశాడు. అది నాలుగైదు సార్లు కాటేసింది, మెలికలు తిరిగింది, తోకతో చెయ్యి చుట్టేసింది. అతను నవ్వుతూనే ఉన్నాడు గానీ వదల్లేదు. కాసేపటికి పాము ఆగిపోయింది. తడిపిన తాడులా చేతి మీద వేలాడింది. అప్పుడు గ్లౌజు తీసేసి, దాని తల నిమిరి, కెమెరా వైపు తిరిగి చూశాడు. వీడియో కింద బావ రాసిన మాట: "చూశావా బావా, పావుగంటలో మచ్చికైపోయింది. మీకు ఆర్నెల్లు పట్టింది కదా!"

ఆ వీడియో మూడుసార్లు చూశాను. రెండేళ్ల కిందటైతే చప్పట్ల బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు నా చూపు కుర్రాడి మీద ఆగలేదు. పాము ఆగిపోయాక దాని నాలుక ఒక్కసారి కూడా బయటికి రాలేదు. పక్కటెముకలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. దాన్ని చూసి ఇది మచ్చిక కాదని తేల్చేసేంత అనుభవం నీకుందా అని అడిగితే, నాకున్నది ఒకే ఒక్క పాము, రెండేళ్ల కాపురం. కాకపోతే ఆ ఒక్కదాని దగ్గరా మేం మొదట్లో అచ్చం ఈ కుర్రాడు చేసిన పనే చేశాం. అందుకే ఇది రాయడం.

నేననేది ఇదీ: చేతిలో కదలకుండా ఉన్నంత మాత్రాన పాము మనకు అలవాటు పడిపోయిందని అనుకోకూడదు. బెదురు పాముని కుదుటపరచాలంటే ముందు కొన్నాళ్లు దాన్ని ముట్టుకోకుండా ఉండటం మనం నేర్చుకోవాలి. దీన్ని ఒప్పుకోని వాళ్లున్నారు, వాళ్ల మాటలోనూ పస ఉంది. దాని దగ్గరికీ వస్తాను.

మిర్చి వచ్చిన కొత్తలో

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. నేను పుట్టి పెరిగింది దివిసీమలో, అవనిగడ్డ దగ్గర పల్లెటూళ్లో. ఊరి సంగతి ఎందుకంటే, చీకటి పడితే పాము అన్న మాటే ఎత్తని ఇల్లు మాది. "పురుగు" అనేవాళ్లం. కోతలప్పుడు పనల కింద తాచులు, గట్ల మీద రక్తపింజరలు, వానాకాలం రాత్రుళ్లు నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి కట్లపాములు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కని ఇల్లు మా చుట్టుపక్కల లేదు. నాకు చిన్నాన్న వరసయ్యే ఒకాయన్ని నిద్రలో కట్లపాము కరిచింది. దాని కాటుకి పెద్దగా నొప్పీ వాపూ ఉండవు. తెల్లారి లేచి కడుపులో నొప్పన్నాడు, రెప్పలు వాలిపోతున్నాయన్నాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

అలాంటి నా ఇంట్లోకి పాముపిల్లని తెచ్చుకుంటానంది పదమూడేళ్ల మా అమ్మాయి. పైగా తను దాచుకున్న డబ్బులతో. ఎనిమిది నెలలు కుదరదన్నాను. ఈ ఎనిమిది నెలల్లోనూ అది నాకంటే ఎక్కువ చదివింది, ఆఖరికి నా దగ్గర వాదనలు అయిపోయాయి. తెచ్చుకున్నది కార్న్ స్నేక్. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పొలాలూ కొట్టాలూ పట్టుకుని ఎలుకలు తిని బతికే జాతి. విషం లేదు. మన జెర్రిగొడ్డుకి దూరపు చుట్టం. కడుపు కింద నలుపూ తెలుపూ గళ్లు మొక్కజొన్న కండె మీద గింజల్లా ఉంటాయి. ఎదిగితే మూడు నుంచి ఐదడుగులు, బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక పాము నా దగ్గరే ఉండిపోతుందన్న లెక్క అప్పుడు నాకు తట్టలేదు.

పిల్ల పెన్సిలంత ఉంది. ఎండుమిరపకాయ రంగు. అందుకే మిర్చి అని పేరు పెట్టింది. అమ్మినాయన జాగ్రత్తలు చెప్పాడు: "రోజూ పావుగంట పట్టుకోండి. కరిచినా వదలొద్దు. వదిలితే కరిస్తే పని జరుగుతుందని నేర్చుకుంటుంది. పది రోజుల్లో దారికొస్తుంది." ఆయన మాట మీద ఆ సాయంత్రమే మొదలుపెట్టాం.

మొదటి రోజు మూత తీయగానే మెడని ఎస్ ఆకారంలో వెనక్కి లాక్కుని, తోకని గరగరా ఆడించింది. అడివిలో ఎండుటాకుల మీద ఇలా ఆడిస్తే, తోకతో చప్పుడు చేసే విషపు గిలక పాము అనుకుని ఎదుటివాళ్లు వెనక్కి తగ్గుతారట. మా చెక్క పొట్టులో ఆ చప్పుడు పాత ఫ్యాను కొట్టుకున్నట్టు వినిపించింది. అమ్మాయి చెయ్యి పెట్టింది. మిర్చి మీదికి ఉరికింది. ఆ పళ్లెంత, కాటెంత! గోరింట కొమ్మ గీరుకున్నంత కూడా లేదు. కానీ నేను మాత్రం గదిలో రెండో మూలకి ఎగిరి దూకాను. మా ఆవిడ ఇప్పటికీ అది చేసి చూపించి నలుగురినీ నవ్విస్తుంది.

పది రోజులు రోజూ తీశాం. చొక్కాల నిండా అది తోక దగ్గర నుంచి వదిలే కంపు. ఎన్ని ఉతుకులకీ పోలేదు. పదకొండో రోజుకి నిజంగానే కాట్లు తగ్గిపోయాయి. అరచేతిలో పెడితే చుట్టుకుని అలాగే పడుంటోంది. "నాన్నా, నేనంటే భయం పోయింది!" అని అమ్మాయి గంతులేసింది. ఫోటోలు దిగాం. బంధువులందరికీ పంపాం. బావక్కూడా.

ఒకటే లోటు. అది తినడం లేదు. వారానికొకసారి, కళ్లు తెరవని ఎలుకపిల్లని, గడ్డకట్టినదాన్ని వేడినీళ్లలో వెచ్చబెట్టి ఇస్తే వాసన కూడా చూడటం లేదు. మూడోసారి కూడా వదిలేసేసరికి వంటింటి త్రాసు మీద పెట్టి తూచాం. తెచ్చినప్పుడు 8 గ్రాములు. ఇప్పుడు 7.

అలుపా, అలవాటా

సరీసృపాలు చూసే పశువైద్యురాలి దగ్గరికి వెళ్లాం. ఆవిడ పాముని ముట్టుకోకముందే మమ్మల్ని తొట్టి ఫోటో అడిగింది. టీవీ పక్కన గాజుతొట్టి, నాలుగు వైపులా అద్దమే. నడిమధ్యలో ఒకటే గూడు, అది కూడా పాముకంటే ఆరింతలు పెద్దది. కింద వేడి పుట్టించే హీట్ మ్యాట్ ఉంది గానీ, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేదు. వేడెంతో మేమెప్పుడూ కొలవలేదు. ఆవిడ కోప్పడలేదు. ఒక్క ప్రశ్న వేసింది: "ఇందులో ఇది దాక్కోవాలనుకుంటే ఎక్కడ దాక్కోవాలి?"

తర్వాత నాకు బుర్ర తిరిగే సంగతి ఒకటి చెప్పింది. పాములు చురుగ్గా పెనుగులాడగలిగేది కొన్ని నిమిషాలే. ఆ ఉరుకూ పరుగూ ఎక్కువగా ఆక్సిజన్ అవసరం లేని దారిలో పుట్టే శక్తితో జరుగుతాయి. అది చటుక్కున అయిపోతుంది, ఒంట్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది, మళ్లీ మామూలు కావడానికి గంటలు పడుతుంది. అంటే పావుగంట పట్టుకుంటే పాము ఆగిపోవడంలో వింత ఏమీ లేదు. అలిసిపోతుంది, అంతే. దానికి తోడు బెదిరినప్పుడు చాలా జంతువుల్లాగే పాము కూడా బిగుసుకుపోతుంది. బయటినుంచి చూసేవాడికి అలుపూ, బిగుసుకుపోవడమూ, కుదురుగా ఉండటమూ మూడూ ఒక్కలాగే కనపడతాయి. మేం గంతులేసిన పదకొండో రోజున మా చేతిలో ఏముందో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. కానీ తిండి మానేసిన ఏడు గ్రాముల ప్రాణి ప్రశాంతంగా ఉందని అనుకోవడం మాత్రం నా వల్ల కాదు.

ఇంటికొస్తూ కారులో నాకు పాములవాడు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు సంక్రాంతి రోజుల్లో మా వీధిలోకి వచ్చేవాడు. బుట్ట మూత తీసి నాగస్వరం ఊదుతుంటే తాచు పడగ విప్పి ఊగేది. ఆడుతోందని చప్పట్లు కొట్టేవాళ్లం. పడగ విప్పడమంటే భయపడి బెదిరించడమని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అది చూసేది ఎదురుగా ఊగే నాగస్వరం బుర్రనీ వాడి మోకాలినీ. పాటతో పనిలేదు. పాముకి బయటి చెవి లేకపోయినా నేల అదురూ, కొంతవరకు గాలిలో వచ్చే శబ్దమూ తెలుస్తాయి గానీ, నాగస్వరానికి పరవశించడం మన కల్పనే. ఆ పాములకి చాలావాటికి కోరలు పీకేసి, కొన్నింటికి మూతి కుట్టేసి ఉండేది. రోజుల తరబడి నీళ్లు కూడా చూడని పాము నాగులచవితి రోజు గిన్నెలో పోసింది పాలైనా తాగేస్తుంది. చూశారా తాగుతోంది అని దణ్ణం పెట్టేవాళ్లం. బెదిరితే ఆట అన్నాం, దప్పికయితే భక్తి అన్నాం. ఇక్కడికొచ్చి అలిసిపోతే మచ్చిక అన్నాం. ఆ పాములవాడి కడుపు కోసం వాడు చేశాడు. నాకేం అవసరమొచ్చింది?

తాళం వేసిన మూడు వారాలు

వైద్యురాలి మందు చీటీలో మందు లేదు. వరసగా మూడుసార్లు తినేదాకా ముట్టుకోవద్దంది. నీళ్లు మార్చాలి, పెంట తీయాలి, అంతే. తొట్టిని అమ్మాయి గదిలోకి మార్చాం. మూడు పక్కలా నల్ల కాగితం అంటించాం. వెచ్చటి వైపొక గూడు, చల్లటి వైపొక గూడు, రెండూ మిర్చి ఒళ్లు గోడలకి ఆనేంత ఇరుకు. ఇరుకు దేనికని నాకు అనుమానం. ఒంటికి నాలుగు పక్కలా ఏదో తగులుతుంటేనే దానికి భద్రం. వెచ్చటి వైపు 30 డిగ్రీల దగ్గర, చల్లటి వైపు 24 దగ్గర, థర్మోస్టాట్ పెట్టి. పాముకి ఒంట్లో వేడి పుట్టదు, బయట దొరికిన వేడితోనే తిన్నది అరగాలి. గూడు ఒకవైపే ఉంటే అది వెచ్చదనమా, దాపా అని తేల్చుకోవాల్సి వస్తుంది. బెదిరిన పాము దాపునే ఎంచుకుంటుంది, చలికి అరగక తిన్నది కక్కేస్తుంది. చెక్క పొట్టు అంగుళం నుంచి మూడంగుళాలకి పెంచాం, దూరిపోవడానికి.

అమ్మాయి తొట్టికి తాళం కూడా వేసింది. పాము కోసం కాదు, నా మీద నమ్మకం లేకా కాదు, తన మీద నమ్మకం లేక. తాళంచెవి మా ఆవిడ పోపులపెట్టెలో ఉండేది.

ఆ మూడు వారాలూ ఇంట్లో పాము ఉందో లేదో తెలియలేదు. ఏడో రోజు రాత్రి ఎలుకపిల్లని గూటి గుమ్మంలో పెట్టి దీపం ఆర్పేసి వచ్చేశాం. పొద్దున చూస్తే లేదు. వంద రూపాయల నోటు దొరికినంత సంబరం. చిత్రమేమిటంటే, దాక్కోవడానికి చోట్లు పెరిగినకొద్దీ అది బయటికి రావడం కూడా పెరిగింది. సాయంత్రం ఎనిమిది దాటాక పొట్టులోంచి ముక్కు ఒకటి లేచేది. ఆ పైన తల. నాలుక నెమ్మదిగా, మీదికీ కిందికీ.

మరి పట్టుకోకపోతే ఎలా?

ఇక్కడ మా ఊళ్లోనే ఇరవై ఏళ్లుగా పాముల్ని పెంచుతున్న ఒక స్నేహితుడున్నాడు. నా కథంతా విని తల అడ్డంగా ఊపాడు. "వదిలేస్తే వదిలేసినట్టే ఉంటుంది. ముట్టుకోని పాము ముట్టుకోని పాముగానే పెద్దదవుతుంది. నాలుగడుగులయ్యాక జబ్బు చేస్తే అప్పుడేం చేస్తావు?"

దీనికి నా దగ్గర సూటి జవాబు లేదు, ఎందుకంటే అదే జరిగింది. ఆరో నెలలో కుబుసం సరిగ్గా విడవక తోక చివర బిగుసుకుపోయింది. వదిలేస్తే రక్తం ఆడక తోక కొస ఎండిపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలోంచి నడిపించి, నెమ్మదిగా ఊడదీయాలి. అప్పటికి మిర్చి చేతికి కొంత అలవాటు పడింది కాబట్టి ఇరవై నిమిషాల్లో అయింది. ఆ అలవాటే లేకపోతే నలుగురం కలిసి కుస్తీ పట్టాల్సొచ్చేది. కాబట్టి చెయ్యి అలవాటు చెయ్యాలా అంటే, చెయ్యాలి. అది పాము కోసమే. రోజూ మెడలో వేసుకుని టీవీ చూడటం మన కోసం. రెంటికీ ఒకే పేరు పెట్టుకున్నాం గానీ కావలసిన మోతాదు వేరు.

అమ్మినాయన మాటలో కూడా ఒక నిజముంది. అది నన్ను చాలా రోజులు వేధించింది. కరవగానే వదిలేస్తే, కరిస్తే వదులుతారని అది నేర్చుకుంటుంది. పాములకి నేర్చుకునే తెలివి ఉందా అంటే, ఉంది. 1999లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ హోల్ట్జ్‌మన్, తోటివాళ్లూ ఈ కార్న్ స్నేక్ పిల్లలతోనే ప్రయోగం చేశారు. నేలలో ఎనిమిది కన్నాలు, ఒక్కటే దాపు దగ్గరికి చేరుస్తుంది. నాలుగైదు రోజుల్లో ఆ దారి గుర్తుపెట్టుకుని త్వరత్వరగా చేరడం నేర్చుకున్నాయవి. దాక్కునే చోటే బహుమానం అని గమనించండి. అంత నేర్చుకునే జంతువు మన చెయ్యి గురించి కూడా ఏదో ఒకటి నేర్చుకుంటుంది. ఏం నేర్పుతున్నామన్నదే తగాదా.

నాకు తోచిన దారి: కాటు దాకా పోనివ్వకపోవడం. కరిచాక వదలాలా వద్దా అన్న ప్రశ్న వచ్చిందంటే మనం అప్పటికే తొందరపడ్డట్టు. మూడు భోజనాలయ్యాక అమ్మాయి మొదలుపెట్టింది అర నిమిషంతో. చేతులు కడుక్కుని, ఎందుకంటే ఎలుక వాసనుంటే చెయ్యే భోజనమవుతుంది. పైనుంచి కాకుండా పక్కనుంచి, ఎందుకంటే పైనుంచి దిగేది ఏదైనా దాని లెక్కలో గద్దే. ముందు చుట్టిన కాగితంతో ఒంటి మధ్యలో మెత్తగా ఒకసారి తాకడం, తిండి కాదు నేనే వస్తున్నానని చెప్పడానికి. ఆ తర్వాత చెయ్యి కిందనుంచి. తల జోలికి పోకూడదు. పిడికిలి బిగించకూడదు. రెండు చేతులూ మార్చి మార్చి కొమ్మల్లా ముందు పెడుతుంటే అది వాటి మీద నడిచిపోవాలి. తోక ఆడిస్తే చెయ్యి వెనక్కి తీయదు, ముందుకీ పోదు, అలాగే ఆపి ఉంచుతుంది. కాస్త సర్దుకోగానే తొట్టిలో దించేస్తుంది. సర్దుకున్న క్షణాన దించడమే కిటుకని నా నమ్మకం, ఆయన చెప్పిన నిజాన్ని తిరగేసి వాడుకున్నట్టు.

అర నిమిషం రెండయింది. రెండు అయిదు కావడానికి నెలన్నర పట్టింది. తిన్న తర్వాత 48 గంటలు ముట్టుకోం. కళ్లు పాలపొర కమ్మినట్టు నీలంగా మారితే కుబుసం విడిచేదాకా ముట్టుకోం, అప్పుడు దానికి చూపు సరిగ్గా ఆనదు. వారానికి రెండు మూడుసార్లకి మించం. తను వాడిన బనీను ముక్క తొట్టిలో పెడితే వాసన అలవాటవుతుందని అమ్మాయి ఎక్కడో చదివి అదీ చేసింది. దానివల్ల పాముకేమైనా ఒరిగిందని నాకు నమ్మకం లేదు.

వెనక్కి కూడా వెళ్లాం. నాలుగో నెలలో మా ఇంటికొచ్చిన ఒక పిల్లాడు ఎవరూ చూడకుండా మూత తీసి పైనుంచి పట్టుకున్నాడు. మళ్లీ వారం పాటు మెడ ఎస్‌లా, తోక గరగర. అమ్మాయి ఏడ్చింది. మళ్లీ అర నిమిషం నుంచి మొదలు.

అమ్మ వత్తులు చేసిన గది

ఆ ఏడు కార్తీకానికి అమ్మ ఊరినుంచి వచ్చింది, ఆర్నెల్లు ఉండటానికి. పాము సంగతి ముందు చెప్పలేదు, చెబితే రాదని. చెప్పాక గుమ్మం దగ్గరే నిలబడి "పురుగుని ఇంట్లో పెట్టుకుని పిల్లని ఆ గదిలోనే పడుకోబెడుతున్నావుట్రా" అంది. రెండు రోజులు ఆ గది వైపు చూడలేదు. మూడో రోజు గుమ్మంలోంచి చూసింది. వారానికల్లా అక్కడే కుర్చీ వేసుక్కూర్చుంది. ఆ గదికి మధ్యాహ్నం ఎండ వస్తుంది మరి.

చేసే పని వత్తులు చేసుకోవడం. పత్తి ఏకుతూ, పాలూ విబూదీ వేళ్లకద్దుకుంటూ గంటలు గంటలు. తొట్టి వైపు చూడదు. చూసినా తల తిప్పేసుకుంటుంది. ఒకరోజు నేను గదిలోకి వెళ్లేసరికి మిర్చి, పగటిపూట ముక్కు కూడా చూపించని మిర్చి, సగం ఒళ్లు బయట పెట్టి అద్దానికి గడ్డం ఆనించి పడుంది. నన్ను చూడగానే లోపలికి. "నువ్వొచ్చి బెదరగొట్టావు, గంట నుంచీ అక్కడే ఉంది" అంది అమ్మ. రెండు నెలలుగా మేం కొలతలు వేసుకుని, గడియారం పెట్టుకుని చేస్తున్న పనిని అమ్మ వత్తులు చేస్తూ చేసేసింది. దానినుంచి ఆవిడకేమీ అక్కర్లేదు. మాకేమో, అర నిమిషమైనా సరే, ఏదో కావాలి.

నాగులచవితి రోజు చిన్న గొడవయింది. చిమ్మిలీ చలివిడీ చేసి, గిన్నెతో పాలు పట్టుకుని తొట్టి దగ్గరికి బయల్దేరింది అమ్మ. మా అమ్మాయి అడ్డం పడింది. "నానమ్మా, పాములు పాలు తాగవు. తాగితే అరగవు. నీకు తెలీదు." నేను నోరు తెరిచేలోపే అమ్మ గిన్నె కింద పెట్టింది.

"తెలీకేమే? అరవయ్యేళ్లుగా పుట్టలో పోస్తున్నాను. అది తాగిందా లేదా అని ఎప్పుడైనా తొంగిచూశామా? పోసి, దణ్ణం పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తాం. అది మన ముందుకి రావాలని ఎవరు కోరుకున్నారు?"

పాలు చివరికి పెరట్లో చెట్టు మొదట్లో పోశారు ఇద్దరూ కలిసి. పుట్టలో పాలు పోయడం వల్ల లోపలున్న జీవాలకి మేలేమీ లేదు, తడిసి చెడుపే. అది నేను వాదించగలను. కానీ ఆ వెనక్కి తిరిగి వచ్చేయడంలో ఉన్న మర్యాద గురించి మాత్రం వాదించడానికి నాకేమీ దొరకలేదు.

"మీకక్కడ సరదా"

బావకి ఇదంతా ఒకసారి ఫోనులో చెబితే నవ్వలేదు. "మీకక్కడ సరదా బావా. మాకిక్కడ కాలు కింద పెడితే చావు." ఆయన మాట కొట్టెయ్యలేను. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని ఒక అంచనా. అంటే ఏటా 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల జాబితాలో మనవీ ఉన్నాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో, పొలం పనుల్లో ఉన్నవాళ్లు, మా చిన్నాన్న లాంటివాళ్లు. విషం లేని, పెంపకంలో పుట్టిన పాముపిల్ల బెదురు గురించి ఇన్ని పేజీలు రాయడానికి కాస్త తీరుబడి ఉండాలి, అది నాకుంది.

ఇది చదివి ఊళ్లో జెర్రిగొడ్డు పిల్లనో తాచునో పట్టి అర నిమిషం సూత్రం మొదలుపెట్టొద్దని కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, అడివిలో పెరిగిన పాముకి మన చెయ్యి ఎప్పటికీ గద్దే. తాచు అనుకుని జెర్రిగొడ్లని కొట్టి చంపడం మా ఊళ్లో ఎంత మామూలో, కాపర్‌హెడ్ అనే విషపు పాము అనుకుని కార్న్ స్నేకుల్ని చంపడం ఇక్కడా అంతే మామూలు. మిర్చిని చూడబట్టి నాకా తేడా కంటికి ఆనడం మొదలైంది. ఊరెళ్లినప్పుడు పనికొస్తుందో లేదో తెలియదు.

అసలు పెంచుకోవడమే తప్పేమో అన్న అనుమానం కూడా పూర్తిగా పోలేదు. మా అమ్మాయికి ఆ అనుమానం లేదు. "నన్ను గుర్తుపడుతుంది నాన్నా" అంటుంది. పాము పగబడుతుందని నమ్మిన ఊరినుంచి వచ్చినవాణ్ణి, పగకి సరిపోయేంత జ్ఞాపకం ఉంటే ప్రేమకీ సరిపోవాలి కదా అని నాలో నేనే నవ్వుకుంటాను. నాకు కనిపించేది అంతకంటే చిన్నది. తను తలుపు తీస్తే మిర్చి మెడ వెనక్కి లాక్కోదు. నాలుక మెల్లగా ఆడిస్తుంది. ఒక్కోసారి తానే చేతి మీదికి వస్తుంది, ఒక్కోసారి వచ్చినట్టే వచ్చి వెనక్కి తిరిగి గూట్లోకి పోతుంది. అలా పోయిన రోజు అమ్మాయి తలుపు వేసేసి లెక్కలు చేసుకుంటుంది. ఇప్పుడు దాని పొడవు దగ్గర దగ్గర మూడడుగులు. నేను కూడా పట్టుకుంటాను, వెన్నులో చిన్న ఒణుకుతోనే. నా ఒణుకు దానికి తెలుస్తుందని నా అనుమానం, నా చేతిలో ఎప్పుడూ ఎక్కువసేపు ఉండదు.

ఆదివారం బావకి జవాబు రాద్దామని కూర్చున్నాను. లాక్టిక్ ఆమ్లం, ఎనిమిది కన్నాలు, అన్నీ రాసి చెరిపేశాను. "నీది కూడా ఒక వీడియో పెట్టు, ఎంత మచ్చికైందో చూస్తాం" అని మళ్లీ మెసేజ్ వచ్చింది. అమ్మాయి గదికి వెళ్లి తొట్టి ఫోటో తీసి పంపాను.

"పాము ఏదీ? కనపడదే?"

"లోపల పడుకుంది బావా."

"లేపు మరి."

ఫోను పక్కన పెట్టేసి టీ పెట్టుకోవడానికి లేచాను.